పదిహేను వందలు, పక్కన ప్రశ్నార్థకం

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడు జూన్‌లో, బడి తెరిచిన మొదటి వారమే, మా కార్యవర్గం నాకు ఒక అదనపు పని అప్పగించింది. పిల్లలకు చదరంగం నేర్పడానికి పార్ట్‌టైమ్ టీచరును ఎంపిక చేయాలి. నేను అప్పుడు మహారాష్ట్రలోని సోలాపూర్ దాజీ పేట్‌లో తెలుగు మాధ్యమం బడికి పీటీ టీచర్ని. రిటైర్‌మెంట్‌కు పది నెలలున్నాయి. ఆదివారాలు చదరంగం పోటీలకు ఆర్బిటర్‌గా, అంటే గడియారాలూ నియమాలూ తగాదాలూ చూసే మనిషిగా, కూర్చునేదాన్ని.

కార్యవర్గం అధ్యక్షుడు రాజేశం శేట్‌కు కుంఠా నాకాలో పవర్‌లూమ్ కార్ఖానా ఉంది. మగ్గాల మోతలో ఎవరి మాటా వినబడదు కనుక ఆయన ఫోన్లో చదరంగం మరిగాడు. మీటింగులో నన్ను అడిగాడు: “బాయీ, ఆన్‌లైన్ల ఎంత రేటింగ్ ఉంటె మంచిదంటరు?” మా ఊళ్లో ఆడ టీచర్లందరమూ బాయిలమే.

నేను ఓపిగ్గా వివరించాను. రేటింగ్ పరీక్ష మార్కు కాదు. ఎవరితో ఆడి ఎంత గెలిచామో చెప్పే అంకె. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. నిమిషం ఆటకు ఒక అంకె, ఐదు నిమిషాల ఆటకు ఒకటి, పది నిమిషాల ఆటకు ఇంకొకటి. ఒక యాప్‌లోని అంకె మరో యాప్‌లో చెల్లదు. పోటీల్లో బల్ల ముందు కూర్చుని తెచ్చుకునే రేటింగ్ వేరే సంగతి. సరదాకు ఆడేవాళ్లలో, పది నిమిషాల ఆటలో వెయ్యి దాటితే ఫరవాలేదు, పదిహేను వందలు దాటితే గట్టివాళ్లే.

శేట్ అంతా శ్రద్ధగా విని, “నాది సోళాశే వీస్ ఉంది” అన్నాడు. అంటే పదహారు వందల ఇరవై. కనీస అర్హత పదహారు వందలు పెడితే బాగుంటుందని సభ్యులందరికీ ఒకేసారి తోచింది. నేను వాదించి పదిహేను వందలకు దించాను. నోటీసు కూడా నేనే రాశాను: ఆన్‌లైన్ రేటింగ్ కనీసం 1500, స్క్రీన్‌షాట్ జతచేయాలి. ఏ యాప్, ఎంతసేపు ఆట, ఎన్ని ఆటలు, ఇవేవీ రాయలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు అంత చిన్న విషయాలు పట్టించుకోరు.

ఏడు దరఖాస్తులు వచ్చాయి. ఒకాయన పజిల్ రేటింగ్ పంపాడు, రెండు వేల రెండు వందలు. పజిల్‌లో గెలిచే ఎత్తు ఉందని ముందే తెలుస్తుంది, ఎదుట మనిషి ఉండడు, అలాంటి చోట మనమందరం వీరులమే. ఇంకొకాయన స్క్రీన్‌షాట్‌లో పేరు కత్తిరించి అంకె మాత్రం భద్రంగా ఉంచాడు. శేట్ కార్ఖానాలో గుమాస్తా నర్సింగ్‌ది సరిగ్గా 1500, పక్కన ఒక ప్రశ్నార్థకం. ఆ యాప్‌లో చేరిన ప్రతి ఒక్కరికీ మొదట 1500 ఇచ్చేస్తారు. చాలినన్ని ఆటలు అయ్యేదాకా, మీ సంగతి మాకింకా తెలియదు అన్నట్టుగా ఆ గుర్తు ఉంచుతారు. నర్సింగ్ ఆడిన ఆటలు సున్నా. అర్హుడు.

భవాని పేట్ సుశీలది కూడా అదే యాప్. సుశీల నా పాత విద్యార్థిని. ఎనిమిదో తరగతిలో పావులు పేర్చడం నేర్పింది నేనే. ఇప్పుడు ఇంట్లో బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట, చాట అంచుకు ఆనించిన ఫోన్. వేళ్ల కొసలకు తంబాకు అంటి ఉంటుందని వేలి కణుపుతో ఎత్తులు వేసేది. అట్లా రెండు వేల పైచిలుకు ఆటలు ఆడింది. రేటింగ్ 1430. అనర్హురాలు. 1500తో మొదలై, ఆడి ఆడి అర్హత పోగొట్టుకుంది. గమ్మున కూర్చుని ఉంటే సరిపోయేది.

ఆమెను పిలిచి, ఇంకో ఖాతా తెరిచి స్క్రీన్‌షాట్ తెమ్మన్నాను. ఐదు నిమిషాల పని. నియమాలు కాపాడే ఆర్బిటర్ని నేనేనని పాఠకులకు మరోసారి మనవి.

సుశీల ఫోన్లో తన పాత ఆటల జాబితా తెరిచి చూపింది. “గది నాది గాదు గద బాయీ. నేను ఓడినయన్ని ఇండ్లనె ఉన్నయి. ఒక్కొక్కటి మల్ల సూస్కుంట నేర్సుకున్న. గవి దీసేస్తె పిల్లలకు ఏం జెప్పాలె?” అన్నది. లేచి వెళ్తూ, “నౌకరీ అయితె గావాలె. నాకు తంబాకు పడ్తలేదు, దగ్గు తగ్గుతలేదు. బీడీలు బంద్ జెయ్యుమన్నడు డాక్టర్. కాని గిట్లొద్దు బాయీ” అన్నది.

నాకు కోపం వచ్చింది. మనం తప్పు చెయ్యమన్నప్పుడు ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే వచ్చే కోపం. రెండు రోజులు ఉంది. మూడో రోజు కార్యవర్గానికి నోటు రాశాను: నోటీసులో లోపం ఉంది, రాసింది నేనే, దరఖాస్తు పెట్టిన అందరికీ బల్ల మీద పరీక్ష జరపాలి.

“రాసింది మీరే, తప్పంటున్నది మీరే. కాయ్ బాయీ, ఏందిది?” అన్నాడు శేట్. రెండూ నేనేనని ఒప్పుకున్నాను. మంజూరు చేశాడు. పరీక్షకుడిగా తమరే కూర్చోవాలని అదే నోటులో రాయడం కొంత పనిచేసి ఉంటుంది.

శేట్‌తో తలా ఒక ఆట, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాల గడియారం. ఏడుగురిలో నలుగురు రాలేదు. పజిళ్లాయన ప్రతి ఎత్తులోనూ గెలుపు దాగి ఉందని నమ్మి, గడియారం అయిపోయేదాకా వెతుకుతూ కూర్చున్నాడు. నర్సింగ్ పదకొండో ఎత్తుకు రాజును పడుకోబెట్టి ఓటమి ఒప్పుకున్నాడు. అది యజమాని మీద భక్తో, ఆట తెలియకో తేల్చడానికి మా నియమావళిలో క్లాజు లేదు.

సుశీలతో శేట్ మొదట చకచకా వేశాడు. ఇరవయ్యో ఎత్తుకు టోపీ తీసి పక్కన పెట్టాడు. తెప్పించుకున్న చాయ్ తాగలేదు. చివరికి ఇద్దరికీ ఒక్కో ఏనుగు మిగిలింది, ఆయనకు ఒక బంటు ఎక్కువ, గడియారంలో నిమిషం కూడా లేదు. ఆయనే గెలిచాడు. పదహారు వందల ఇరవై నిజమేనని నేను కూడా ఒప్పుకోవలసి వచ్చింది, కొంచెం కష్టంగానే.

సుశీల చేయి కలిపింది కాని లేవలేదు. పావులను కొన్ని ఎత్తుల వెనక్కి పేర్చింది. “ఈడ ఏనుగు ఎన్కకు జరుపాల్సుండె శేట్. నేను ముంగటికి బోయిన. మీ బంటు ఆడికెల్లే ఉరికింది.” శేట్ వంగి చూశాడు. ఆ ఒక్క ఎత్తు గురించి ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, మేమెవరమూ అక్కడ లేనట్టు.

“గెల్సింది నేనె. ఎట్ల గెల్సిన్నో గీమె జెప్తె తెల్సింది” అన్నాడు శేట్. “గీమెనే పెట్టుండ్రి.”

మరి 1500 సంగతేమిటని ఒక సభ్యుడు పట్టుబట్టాడు. మీటింగ్ మినిట్స్‌లో ఇట్లా రాశారు: ‘అభ్యర్థి రేటింగ్ 1430. ఓడిన ఆటపై ఇచ్చిన వివరణను 70గా పరిగణించడమైనది.’ అందరం సంతకాలు పెట్టాం.

జూలైలో సుశీల చేరింది. ఇచ్చే గౌరవ వేతనంలో గౌరవం పాలే ఎక్కువ కనుక బీడీలు పూర్తిగా మానలేకపోయింది, సగానికి తగ్గించింది. దగ్గు కూడా అంతమేరకే తగ్గింది.

మంచి రేటింగ్ ఎంత అని నన్ను ఇప్పటికీ అడుగుతారు. ఏ యాప్, ఎంతసేపు ఆట, ఎన్ని ఆటలు అని తిరిగి అడుగుతాను. చాలామందికి అక్కడే ఆసక్తి పోతుంది. ఆ తర్వాత కూడా నేను కొన్ని నోటీసులు రాశాను. కనీస అంకె వేసే ముందు, అసలు ఆడనివాళ్లకు ఊరికే ఎంత అంకె వస్తుందో చూసుకున్నాను.