నారింజ రంగు తోక

నా కోపం కంప్యూటర్ మీద కాదని ముందే చెప్పేస్తున్నాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా "చూశారా, ఆ ఏఐని నమ్ముకుంటే ఇంతేనండీ" అని తల ఊపుతారు. పాపం, అది తనకు తెలియనిది తెలియదనే చెప్పింది. ఆ మాటను కత్తిరించి పారేసింది మనుషులు.

నేను బందరులో ఒక కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. అవనిగడ్డలో రొయ్యల రైతులకు సదస్సు పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. మా అక్కా బావగారూ ఆ పక్క ఊళ్ళోనే రొయ్యల చెరువు చేస్తున్నారు కాబట్టి, కాస్త ఎక్కువ హుషారుగానే వెళ్ళాను. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తెచ్చే వైరస్ ఒంటి మీద ఉండే ఒక ప్రోటీను బొమ్మను తెర మీద చూపించాను. ప్రోటీను పూసల దండ లాంటిది. పూసల వరస మనకు తెలిసినా, ఆ దండ ఎలా మెలికలు తిరిగి ముద్ద కడుతుందో తేల్చడానికి ఒకప్పుడు ఏళ్ళు పట్టేది. ఇప్పుడు, తెలిసిన ఆకారాలను వేలకొద్దీ చూసి నేర్చుకున్న ఏఐ ప్రోగ్రాముకు ఆ వరస ఇస్తే, ఆకారాన్ని ఊహించి గీసి పెడుతుంది. పైగా తన ఊహ మీద తనకెంత నమ్మకముందో రంగుల్లో చెబుతుంది. ముదురు నీలమైతే గట్టి నమ్మకం. నారింజ రంగైతే, ఇక్కడ నాకేమీ తెలియదు అని. నా బొమ్మలో నడుమ నీలం ముద్ద, ఒక పక్క నుంచి పొడుగ్గా నారింజ తోక. ఏ రంగుకు ఏమిటి అర్థమో చెప్పే చిన్న పట్టీ మూలన ఉంది.

రంగుల దగ్గరికి వచ్చేసరికి నిర్వాహకులు గడియారం చూపించారు. పట్టీ ఉంది కదా, చదువుకుంటారులే అనుకుని ముగించేశాను.

నెల తిరక్కుండానే ఒక పొద్దున బావగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, రొయ్య గట్టు పక్కకొచ్చేస్తోంది. వేసిన మేత వేసినట్టే ఉంటోంది."

రెండూ తెగులు లక్షణాలే. "ల్యాబుకి పంపించారా బావగారూ?"

"పంపించాం. తెల్లమచ్చే అన్నారు."

"అయితే ఇవాళే వల వేయించి చెరువు పట్టేయండి. ఆగితే ఒక్కటి కూడా దక్కదు."

"మందేశాంలే. షాపువాళ్ళు నాలుగు రోజులు చూడమన్నారు. నీకు తెలియని మందా అది!" అని నవ్వారు.

ఆ తెగులుకు అసలు మందే లేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కాను. చెరువు గట్టు మీది షెడ్డులో, మేత బస్తాల పైన, సదస్సులో నేను చూపించిన బొమ్మ గోడకు అంటించి ఉంది. గుడివాడలో ఒక ఆక్వా మందుల షాపు వాళ్ళు వేయించిన కరపత్రం అది. మూలనున్న పట్టీని శుభ్రంగా తీసేశారు. నారింజ తోక మీదికి బాణం గుర్తు వేసి "వైరస్‌ను ఒడిసిపట్టే మా మందు" అని రాసుకున్నారు. కంప్యూటర్ నాకు తెలియదు మొర్రో అని చేతులెత్తేసిన చోటికి వీళ్ళు మందని పేరు పెట్టి, సీసాల్లో పోసి రైతుల నెత్తిన రుద్దారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది మందూ కాదు, మన్నూ కాదు బావగారూ. వలవాళ్ళని పిలవండి" అన్నాను. అక్క అప్పటికే ఫోన్ అందుకుంది.

మధ్యాహ్నానికి వల లాగారు. ఎర్రబారి, మెత్తబడిపోయిన రొయ్యలే ఎక్కువ వచ్చాయి. కదులుతున్నవాటిని అక్క ఏరి పక్కన పెడుతోంది. ఆ గట్టు మీద నిలబడే కరపత్రంలోని నంబరుకు ఫోన్ చేశాను.

"ఆ బొమ్మ మేం చెయ్యలేదండీ. సదస్సులో మావాడు తీసిన ఫోటో. రంగులు బాగున్నాయని వేయించాం" అన్నాడు షాపాయన.

"రంగులు బాగుండటానికి అదేమన్నా పెళ్ళి పందిరా? ఆ పట్టీ ఎందుకు తీసేశారు?"

"ఇంగ్లీషులో ఉంది కదండీ మేడమ్, మన రైతులకేం అర్థమవుతుంది?"

రైతులకు అర్థం కాదట! అందుకని వాళ్ళకు అబద్ధం అమ్మవచ్చట! నోటికొచ్చినట్టు తిట్టాను. వల లాగుతున్నవాళ్ళు సైతం ఆగి నా వంక చూశారు. ఊరుకోను, మత్స్యశాఖకు ఫిర్యాదు రాస్తానన్నాను. రాశాను కూడా.

ఫోన్ పెట్టేశాక బావగారు దగ్గరికొచ్చారు.

"ఆ రంగులకి అర్థాలున్నాయా అమ్మాయ్?"

నీలమంటే ఏమిటో, నారింజ అంటే ఏమిటో చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన ఒక్కసారికే గ్రహించారు.

"ఓహో. తెలియదని అదే చెప్పిందన్నమాట" అన్నారు. చేతికంటిన బురద తుడుచుకున్నారు. "ఆ రోజు సదస్సులో నేను ముందు వరసలోనే కూర్చున్నానమ్మా. కరపత్రం మీద నీ బొమ్మే ఉందని గుర్తుపట్టి, ఆ నమ్మకంతోనే మందు తెచ్చాను. ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే వినేవాణ్ణి కదా."

ఫోన్లో అంతసేపు అరిచినదాన్ని, తల దించుకుని వెళ్ళి అక్క పక్కన రొయ్యలు ఏరడానికి కూర్చున్నాను.