మందు లేని సూది

మా నాయన మిషన్ బడిలో పంతులు. దయ్యాల మాటెత్తితే కసిరేవాడు. నేనూ అలాగే పెరిగాను. నర్సుగా ఎన్నో శవాలకు నా చేత్తోనే కళ్లు మూశాను, ఒక్కనాడూ జడవలేదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

1956లో నంద్యాలలో ఒక చిన్న కంటి ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. శుక్లాలు తీసేముందు కన్ను మొద్దుబారడానికి సూదిమందు నింపి డాక్టరుగారికి అందించడం నా పని. పైన చుక్కలు వేసినా, కంటి వెనక ఆ సూది పడకపోతే లోపలి కోత ఓర్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆరోజు బల్ల మీద ఉన్నది ఓబుళమ్మ. ఆళ్లగడ్డ దగ్గర రైతు కుటుంబం. తోడుగా కోడలు వచ్చింది. ఓబుళమ్మ అక్క నాగమ్మ జొన్నకోతలని ఊళ్లోనే ఉండిపోయింది.

సూది వేశాక డాక్టరుగారు కుడికన్ను కోశారు. నేను తల కదలకుండా పట్టుకున్నాను. అప్పుడే బియ్యం మిల్లు పన్నెండు గంటల కూత వేసింది. ఎందుకో ట్రే వైపు చూశాను. మందు సీసా సీలు తీయనే లేదు. పక్కనున్న మరగబెట్టిన నీళ్ల సీసా తగ్గి ఉంది.

నేను నింపింది వట్టి నీళ్లు.

కన్ను తెరిచి ఉంది. ఇప్పుడు చెబితే, డాక్టరుగారి చెయ్యి ఉలిక్కిపడితే, ఆ కన్ను పోతుంది. ఆమె ఎప్పుడు అరుస్తుందోనని కణతల మీద నా వేళ్లు బిగుసుకుపోయాయి. ఆమె కదల్లేదు. కట్టు కట్టాక నొప్పి పుట్టిందా అని అడిగితే, ఇంకా ఎప్పుడు మొదలుపెడతారని ఎదురడిగింది.

భయంతో ఎవరికీ చెప్పలేదు.

మూడోరోజు నాగమ్మ బస్సు దిగి వచ్చింది, కుడికంటికి చీరకొంగు అడ్డం పెట్టుకుని. మొన్న మిట్టమధ్యాహ్నం చేలో కోత కోస్తుంటే కంట్లో కత్తి దిగినట్టయి, కేకపెట్టి పడిపోయిందట. కూలీలు ఇంటికి మోసుకొచ్చారట. డాక్టరుగారు లైటు వేసి చూశారు. ఎరుపు తప్ప దెబ్బేమీ లేదు, దుమ్ము పడి ఉంటుందన్నారు.

ఆయన వెళ్లాక నాగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"రెండో కంటికన్నా మందు ఎయ్యమ్మా. ఇంకోతూరి నేను ఓర్సుకోల్యాను."

నీకెవరు చెప్పారని అడిగాను.

"ఎవురు జెప్పాల? నొప్పి నాకు గదా వచ్చింది."

ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం, "మరి ఆమె కదల్లేదే" అన్నారు.