కొయ్యనన్న కత్తెరక్క

ఎండు పుల్లల కోసం కత్తెరక్క తోడబుట్టినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి మాట్లాడిందని ఆ వీధిలో ఇప్పటికీ పెదవి విరిచేవాళ్ళున్నారు. విరవనివ్వండి. వాళ్ళలో ఒక్కరైనా ఆ పుల్లల దగ్గర కాసేపు కూర్చుని చూసిన పాపాన పోలేదు.

ఆవిడ ఆస్పత్రి కుట్టుగదిలో గుడ్డలు కత్తిరించిన మనిషి. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో వేసుకునే ఆకుపచ్చ గౌన్లు, అన్నీ ఆవిడ బల్ల మీద నుంచే వెళ్ళేవి. సుద్దతో గీత గీయకుండానే తిన్నగా కోసేది కాబట్టి కత్తెరక్క అన్న పేరు స్థిరపడిపోయింది. ఏళ్ళ తరబడి బల్ల మీదకి వంగీ వంగీ కుడి భుజం బిగుసుకుపోయింది, ఆ తర్వాత కొన్నాళ్ళకే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఇష్టం లేక చేసుకోలేదు. దాని వెనకాల ఏదో కథ ఉంటుందని తవ్వేవాళ్ళకి వేరే పనేమీ లేదనుకోవాలి.

అన్నయ్య ఇంట్లో వంటగదిని ఆనుకున్న చిన్న గది ఆవిడది. అన్నయ్య చెడ్డవాడు కాదు. చెల్లెలికి జ్వరమొస్తే పరుగెత్తి మందులు తెచ్చేది ఆయనే. కాకపోతే ఆ ఇంట్లో ఏ కూర వండాలన్న దగ్గర్నుంచి ఏ కిటికీ ఎప్పుడు మూయాలన్న దాకా మాట ఆయనది, తలాడింపు ఈవిడది. వదినకి విసుక్కునే హక్కయినా ఉంది. ఈవిడకి అదీ లేదు. అన్నిటికీ "ఊ" అంటూ నోట్లో నాలుక లేని మనిషని మంచి పేరు తెచ్చుకుంది. ఉద్యోగం అయిపోయాక ఆ "ఊ" కూడా తగ్గిపోయింది. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా అక్కడే ఉండేది. రాత్రిళ్ళు కంటి మీద కునుకు ఉండేది కాదు.

తోటకి ఆవిడ పనిచేయడానికి వెళ్ళలేదు, పోట్లాడడానికి వెళ్ళింది. అదీ తన కోసం కాదు. వాళ్ళుండే అపార్ట్‌మెంట్ల వెనక, అక్కడివాళ్ళ సంఘానికి చెందిన స్థలంలో కొందరు చేరి పిట్టలకీ, సీతాకోకచిలుకలకీ, కప్పలకీ పనికొచ్చే మొక్కలు పెంచుతూ, ఒక నీటిగుంట కూడా తవ్వారు. ఇంట్లోకి దోమలు వచ్చేది ఆ గుంట వల్లేనని వదిన ఈవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వెళ్ళి నాలుగు మాటలు అడిగి రమ్మంది. అంబులెన్సు నడిపి రిటైరైన డ్రైవరు ఆ తోటకి పెద్దదిక్కు. ఆయన మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, వింటున్నానక్కా చెప్పండి, ముందు ఈ బకెట్టు కాస్త పట్టుకోండి అన్నాడు. బకెట్టు నిండా దోమ పిల్లల్ని మేసే గోరంత చేపలు. వాటిని ఒక్కో చెంబు చొప్పున గుంటలోకి వదిలేసరికి ఎండెక్కింది. తెచ్చిన ఫిర్యాదు ఆవిడ నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు పిలవకుండానే వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. జీతం లేని చాకిరీ వల్ల ఏం లాభమని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా, వాళ్ళ కోసం చెప్తున్నాను. ఆస్పత్రిలో నేర్పిన వ్యాయామాలకి లొంగని ఆ భుజం పారకి లొంగింది. పూర్తిగా కాదుగానీ, తన జడ తను వేసుకునేంత. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాని నిద్ర పట్టింది. ఒకరోజు ఇంకో గరిటెడు వెయ్యి వదినా అని అడిగితే వదిన గరిటె పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. అన్నిటికన్నా వింత, గొంతు లేచింది. గుంటలోకి నీళ్ళు ఎటునుంచి మళ్ళించాలన్న దాని మీద డ్రైవరుతో పొద్దంతా వాదించి, గెలిచి, సాయంత్రం అదే తప్పని తేలితే పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో ఎవరూ విని ఉండరు.

తోటలో ఒక మూల ఆవిడ చూసుకునేది. అక్కడ పూలు రాలిపోయిన పొడుగాటి మొక్కలు ఎండిపోయి నిలబడి ఉంటాయి. వాటి గుల్ల కాడల్లో తేనెపట్టూ మందా లేకుండా విడివిడిగా బతికే చిన్న తేనెటీగలు గుడ్లు పెట్టి, నోటితో మట్టి తెచ్చి మూత వేస్తాయి. ఎండలు ముదిరేదాకా పిల్లలు లోపలే. చూసేవాడికి మాత్రం అది ఉత్త చెత్త. ఒకరోజు అలాంటి తేనెటీగ ఒకటి మట్టి ఉండని మోసుకొచ్చి కాడ కొనకి మెత్తుతుంటే కత్తెరక్క ముక్కాలి పీట వేసుకుని చూసింది. ఇంత ప్రాణి ఎవర్నీ అడక్కుండా తన గది తను కట్టుకుంటోందే అని ఆవిడకి అసూయ వేసింది. నిజంగా అసూయే.

సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నయ్య సంఘానికి అధ్యక్షుడయ్యాడు. వెనక స్థలాన్ని అద్దంలా చేస్తానని మాటిచ్చి మరీ గెలిచాడు. పచ్చిక, బెంచీలు, దీపాలు. ముందుగా ఆ ఎండు పుల్లలూ ఆకుల కుప్పా పోవాలి, ఆదివారం గడ్డి కోసే యంత్రం వస్తుంది అని సంఘం తీర్మానించింది. తీర్మానానికి ఇంటికొక ఓటు, ఆ ఇంటి ఓటు అన్నయ్యది. కత్తెరక్కని అడిగినవాళ్ళు లేరు.

భోజనాల దగ్గర అన్నయ్య విషయమంతా వివరించాడు. తోటవాళ్ళు గొడవ చెయ్యకుండా ఉండాలంటే మొదటి కాడ చెల్లెలి చేత కోయించడమే మంచిదని ఆయన ఆలోచన. కోయడం నీకు వెన్నతో పెట్టిన విద్య కదా అని నవ్వాడు కూడా. ఆవిడ కంచంలోంచి తలెత్తలేదు. నోరు మెదపలేదు. ఆయన తప్పేమీ లేదు, ఆ ఇంట్లో ఆవిడ మౌనానికి ఎప్పుడూ ఒకటే అర్థం. మా చెల్లెలు ఒప్పుకుందని ఆయన వెళ్ళి అందరికీ చెప్పేశాడు.

ఆదివారం సంఘం వాళ్ళంతా వచ్చారు. తోటవాళ్ళు ఓ పక్కన ముఖాలు మాడ్చుకుని నిలబడ్డారు. డ్రైవరైతే ఆవిడ వైపు చూడనే లేదు. ఆ చూడకపోవడం ఆవిడకి చురుక్కుమంది. అన్నయ్య కొత్త కత్తెర తెచ్చి, అందరూ చూస్తుండగా చెల్లెలి చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని తీసుకుంది. ముక్కాలి పీట లాక్కుని, ఎండు కాడలకి అడ్డంగా వేసుకుని, కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను కొయ్యను. ఇంకెవర్నీ కొయ్యనివ్వను."

ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏంటమ్మా ఇది? ఏదైనా ఉంటే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో నన్నెప్పుడు మాట్లాడనిచ్చావన్నయ్యా? ఇక్కడే మాట్లాడతా. వీటిల్లో ప్రాణాలున్నాయి. చూడ్డానికి బాలేదని వాటి ఇళ్ళు పీకేస్తానంటే నేను ఊరుకోను."

"నా ఇంట్లో ఉంటూ నా మీదే…" అనేశాడాయన. అనేశాక ఆగాడు. కానీ అప్పటికే అందరూ విన్నారు. వదిన తల దించుకుంది.

కత్తెరక్కకి భయం వేసింది, దాచుకోలేదు. అయినా లేవలేదు.

"ఉంటున్నాను. వెళ్ళమను, సాయంత్రానికి వెళ్తాను. పీట మీంచి మాత్రం లేవను."

యంత్రం తెచ్చినతను అటు చూసి, ఇటు చూసి, మనుషులు కూర్చున్నచోట యంత్రం నడపడం తన వల్ల కాదని చెప్పి వెళ్ళిపోయాడు. సంఘం వాళ్ళు మళ్ళీ కూర్చుని తేల్చుకుందామంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. డ్రైవరు ఇంకో పీట తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

చీకటి పడుతుండగా ఆవిడ ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు కాళ్ళు కడుక్కుంటూ, తలుపు తీస్తారో లేదో అనుకుంది. వదిన తీసింది. అన్నయ్య భోజనాల బల్ల దగ్గర, ముందున్న కంచం ముట్టుకోకుండా కూర్చుని ఉన్నాడు. నీ వల్ల తలెత్తుకోలేకపోతున్నానన్నాడు. రేపే రాజీనామా ఇచ్చి ఇంట్లో కూర్చుంటానన్నాడు. ఇంతకు ముందైతే ఆ మాటకి ఆవిడ కరిగి కాళ్ళ మీద పడేదే. ఇప్పుడు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని అన్నం పెట్టుకుంది.

"ఇస్తే ఇవ్వు. కానీ ఇంట్లో ఊరికే మాత్రం కూర్చోకన్నయ్యా. ఊరికే కూర్చుంటే మనిషి ఏమైపోతాడో ఈ ఇంట్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. పొద్దున్నే నాతో తోటకి రా. కొత్తవాళ్ళకి ముందు బురద తీసే పనిస్తారు."

పొద్దున్న ఆవిడ లేచేసరికి ఆయన ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. వస్తానని గానీ రానని గానీ అనలేదు. ఆవిడ చెప్పులేసుకుని, తలుపు తీసి, ఆయన కోసం ఆగకుండా మెట్లు దిగింది.