రైళ్లు నడుస్తుండగానే పట్టాల కింద రోడ్డు

మా మనవరాలు స్వాతి సివిల్ ఇంజనీరు. హిమాలయాల్లో రోడ్డు సొరంగం తవ్వే పనికి రమ్మని దానికి పిలుపు వచ్చింది. ఇలాంటి విషయాల్లో మా ఇంట్లో చివరి మాట నాది. కొండ కింద ఉద్యోగం వద్దన్నాను. కొన్నాళ్లు ముభావంగా తిరిగి, చివరికి "ఇప్పుడు నాను చేస్తున్న పని ఒక్కసారి వచ్చి సూడు అమ్మమ్మా. అప్పటికీ వద్దంటే మానేస్తాను" అంది. సోమవారంలోగా జవాబివ్వాలి. అందుకని శనివారమే బయలుదేరాను.

మా పేట ఝపటాపూర్‌లో ఉదయం ఏడున్నరకు టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కాను. డ్రైవరు మన తెలుగువాడే. నలభై అడిగాడు.

"పూరీ గేటు దాటినాక అన్నీ గుంతలే మామ్మగారూ."

"గుంతలకి కూడా నా దగ్గరే వసూలా? ముప్ఫై."

"ఠీక్ హై, ఎక్కండి. మీతో ఏగలేం" అని నవ్వాడు. అరగంటలో, పట్టాల కింద రోడ్డు వేస్తున్న స్వాతి వాళ్ల పని దగ్గర దింపాడు.

హెల్మెట్ పెట్టుకుని పట్టాల కట్ట పక్కన తవ్విన గోతిలోకి దిగగానే నోరు తెరిచి చూశాను. రెండు లారీలు పక్కపక్కన పట్టేంత కాంక్రీటు పెట్టె! రెండు కొసలూ తెరిచి ఉన్నాయి. దాన్ని అక్కడే పోతపోసి, అలాగే పట్టాల కట్ట కిందికి తోసేస్తారట. అడుగున చదునైన కాంక్రీటు నేల, దాని మీద గ్రీజు, ఆపైన ప్లాస్టిక్ పరదా. మైసూర్‌పాక్ పళ్లేనికి నెయ్యి రాసినట్టే, అంటుకోకుండా! పెట్టె ముందు అంచుకు ఉక్కు పలక కత్తిలా బిగించారు. ఆ అంచు లోపల నిలబడి మనుషులు కొద్దికొద్దిగా మట్టి తవ్వుతారు. తవ్వినంత మేర వెనక నుంచి హైడ్రాలిక్ జాకీలు పెట్టెను నెడతాయి. పైన పట్టాలకు ఉక్కు దూలాల ఆసరా ఉంది. రైలు వస్తోందంటే తవ్వేవాళ్లు పెట్టెలోకి వెనక్కి వచ్చేస్తారు. అప్పటికే సగం లోపలికి పోయిన ఆ పెట్టెలో మేం నిలబడి ఉండగా ఒక గూడ్సు మా తల మీదుగా మెల్లగా పోయింది. భయపడాల్సింది పోయి, చప్పట్లు కొట్టాను!

గూడ్సు వెళ్లాక మళ్లీ తోయడం మొదలైంది. కొలత పరికరం దగ్గరున్న స్వాతి ఒక్కసారిగా చెయ్యెత్తింది.

"ఆపండి! ముందు అంచు ఎడమకి పోతోంది."

మేస్త్రి అప్పన్న విసుక్కున్నాడు. "ఇంకొక్క తోపు తోసేద్దాం దీదీ. తర్వాత సరిచేసుకోవచ్చు. ఇంకో రైలొస్తే మళ్లీ కూకోవాలి."

"ఇంకా వంకర పోతే పైన పట్టాల్ని లాగేస్తాది. కూకుందాం, ఏటైపోద్ది?"

"మీ వాళ్లు సూస్తున్నారని మరీ కటువుగా ఉన్నావు."

"ఆవిడ లేకపోయినా ఆపుదును. కుడి జాకీలు కట్టెయ్యండి."

స్వాతే ముందుకెళ్లి చూసింది. ఎడమవైపు ఎర్ర మొరం రాయిలా గట్టిపడి పెట్టెను పట్టేస్తోంది. దాన్ని తవ్వించి, రైలు దాటేదాకా అందరినీ కూర్చోబెట్టి, ఆ తర్వాత ఎడమ జాకీలతోనే నెట్టించింది. అంత పెద్ద పెట్టె చెప్పినట్టు విని, కొద్దికొద్దిగా దారికి వచ్చింది! అప్పన్న నా వైపు తిరిగి, "ఇది మీ పోలికేనా అమ్మగారూ? టీ కూడా తాగనివ్వదు" అన్నాడు.

నన్ను బెదిరించింది కొండ బరువు కాదని గోతిలోంచి పైకి వస్తుంటే తెలిసింది. అక్కడ తొందరపెట్టేవాళ్ల మధ్య పిల్ల మాట ఎవరు వింటారన్నదే నా బెంగ. గోతి గట్టున కేరియర్ విప్పి భోజనం పెడుతూ అదే అడిగాను.

"ఆ కొండల్లో కూడా పని ఆపమనే అధికారం నీకుంటాదా?"

"రాసి ఇచ్చారమ్మమ్మా. నాను ఆపమంటే ఆపాల్సిందే."

"అయితే వెళ్లు. ఈ రాత్రే జవాబు పంపు."

అది ఎంగిలి చేత్తోనే నన్ను వాటేసుకుంది.

ఇలాంటి పని చూడాలనుకునేవారికి ఒక్క సలహా: ముందుగా అనుమతి తీసుకుని, జారని బూట్లతో ఉదయమే వెళ్లండి. ఒక రైలు మీ తల మీదుగా పోయేదాకా మాత్రం తిరిగి రాకండి.