మూత లోపలి కుంకుమ

గేములు ఆగి ఆగి నడుస్తున్నాయని మా అబ్బాయి ఒకటే పోరు. కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చి, మొన్న కంప్యూటర్ నేనే విప్పినాను. లోపలి సామాను అంగడిలో ఎన్నిసార్లు మార్పించినా, డబ్బా మాత్రం మా అన్నదే. మూత తీస్తూనే నగరిలో మా మగ్గాల ఇంటి నూలు దుమ్ము వాసన వచ్చింది.

నాకు ఏడేండ్లప్పుడు అన్న ఇట్లాంటి కార్డే తెచ్చినాడు. మర్నాడు ఆయుధపూజ. నాయన మగ్గాలకు పసుపు కుంకుమ పెడతా ఉంటే, పూజ చేయనిది ఏదీ నడవదనుకుని, ఆ కార్డు అడుగున బంగారంలా మెరిసే అంచుకు తడి పసుపు పూసినాను. అన్న దాన్ని బిగిస్తే తెర వెలగలేదు. నన్ను తిట్టలేదు. నా బడి రబ్బరు తీసుకుని అంచంతా రుద్దినాడు.

"పూజ తుడిసేస్తే కీడు గదన్నా!" అని ఏడ్చినాను.

"ఏం గాదులే మే. ఆడుకుందాం రా," అని నవ్వినాడు.

తెర వెలిగింది. నెల తిరక్కుండానే పుత్తూరు రోడ్డులో బండి మీద నుంచి పడి అన్న పోయినాడు. ఆ పసుపు తుడిచినందుకే పోయినాడని ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పకుండా నమ్మినాను. కంప్యూటర్ ఫ్యాన్ తిరిగితే చాలు, రబ్బరు రుద్దుతున్న చప్పుడే వినిపించేది.

మొన్న మూతను వెనక్కి తిప్పి చూసినాను. వైర్లేవీ తగలని మూలలో, ఎండి నల్లబడిన మూడు కుంకుమ బొట్లు. ఏడేండ్ల పిల్ల వేళ్లవి కావు, పెద్దవి.

అన్న పూజ తుడిచేయలేదు. చోటు మార్చినాడు, అంతే.