అయ్యవారి బూడిద కుండ

మా పక్కింటి తెలుగు అయ్యవారు మంగళవారం ఉదయం ఇందుకూరుపేటలో చనిపోయారు. కబురు విని వెళ్లేసరికి ఆయన సంచీ వాకిట్లో మేకుకు వేలాడుతోంది. అందులో మూడు పొట్లాం కాగితాలు, ఒక నలిగిన బస్సు టికెట్టు ఉన్నాయి.

ఆ సంచీకి కారణం నెల్లూరు లైబ్రరీలో ఆయన చదివిన ఒక ఇంగ్లీషు పుస్తకం. చైనా పాత సాహిత్యం గురించి. అక్కడివాళ్లకు అక్షరమంటే ప్రాణమున్న వస్తువని, రాసిన కాగితం కాళ్లకింద పడితే ఏరి, కాల్చి, బూడిదను నీళ్లలో కలిపేవారని అందులో ఉందట. ఆయనకు చైనా భాష ఒక్క ముక్క రాదు. అయినా మర్నాటి నుంచే బజార్లో కాగితాలు సంచీలోకి ఏరడం, ఇంట్లో కాల్చి బూడిదను ఒక కుండలో పోయడం, చైనావాళ్లలా కుంచెతో తెలుగు రాయడం మొదలుపెట్టారు. బజ్జీలు కొంటే ముందు పొట్లాం చదివేవారు. బజ్జీలు చల్లారిపోయేవి.

నేను పేపరుకు రాసిన వార్త ఒకటి ఎండుచేపల పొట్లాంగా ఆయన చేతికి వచ్చింది. పూర్తిగా చదివి, "చేపే నయం అబ్బయా, దానికి వాసనన్నా ఉండాది" అన్నారు.

కుండ నిండినప్పుడల్లా బూడిదను మైపాడు పడవవాళ్లకు ఇచ్చి సముద్రంలో కలిపించేవారు. చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది ఈ సంగతి ఎవరో ఠాణాలో చెప్పారు. అయ్యవారు రహస్య కాగితాలు కాలుస్తున్నాడని. హెడ్ కానిస్టేబులు పిలిపించాడు. కేసు పడితే ఉద్యోగం పోతుంది. నేనూ వెంట వెళ్లాను.

కానిస్టేబులు ఫిర్యాదు రాసి, చదివి సంతకం పెట్టమన్నాడు. అయ్యవారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఏందప్పా ఇది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటుండాయి? ఎస్సై గారి ముందర నీకే నామర్దా. ఇంకో కాగితం ఇట్టియ్యి."

"మీ మీద కంప్లయింటు మీరే రాస్తారా, అయివోరా?"

"ఎవురి మీదైతే ఏంది? చదివేవాడికి కళ్లు నొప్పి పుట్టకూడదు."

సంచీలోంచి కుంచె తీసి అరగంట రాశారు. ఒక్క మాట మార్చలేదు. 'దేశద్రోహి అని అనుమానం' అన్నచోట ఆగి, కుంచెను మళ్లీ సిరాలో ముంచారు.

ఎస్సై రెండుసార్లు చదివారు. "ఇంత చక్కగా ఎవరయ్యా రాసినారు?"

"ముద్దాయే సార్."

ఎస్సై కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "తన మీద ఫిర్యాదు తనే ఇంత ముచ్చటగా రాసిచ్చే గూఢచారి ఎక్కడుంటాడయ్యా" అని దాన్ని నాలుగు ముక్కలుగా చింపేశారు. అయ్యవారు వంగి, ఆ ముక్కలు ఏరి సంచీలో వేసుకున్నారు.

దారిలో, ఉద్యోగం నిలిచింది కదా అన్నాను.

"నిలిచింది. కానీ మూడో వరస బాగా కుదిరింది అబ్బయా" అన్నారు దిగులుగా.

ఇప్పుడు ఆయన పోయాక, సంచీలో మిగిలినవి మేమే కాల్చి కుండలో వేశాం. మూడో రోజున మైపాడుకు రెండు కుండలు వెళ్లాయి. ఒకదాంట్లో ఆయన అస్థికలు, రెండోదాంట్లో కాగితాల బూడిద. రెండింటి మూతికీ ఒకే రకం తెల్లగుడ్డ కట్టారు. పడవ ఎక్కాక ఏది ముందు వంచాలో, అసలు ఏది ఏదో కొడుక్కి తెలియలేదు. ఒడ్డు వైపు తిరిగి తల్లిని అడిగాడు.

"రెండూ ఆయనే. కానీండి" అన్నారు ఆమె.

రెండూ ఒకేచోట కలిశాయి. నీళ్లమీద ఎక్కువసేపు తేలిన నల్లటిది కాగితాల బూడిదే అయివుండాలి. నిర్ధారించుకోలేకపోయాను.