బస్సు నిండిన రోజు

తడిసిన నల్లరేగడి మీద డీజిల్ పొగ కమ్మితే వచ్చే వాసన ఇవాళ పొద్దున మళ్లీ ముక్కుకు తగిలింది. వాకిలి ముందు బురదలో ఆటో ఒకటి గింజుకుంటోంది. మా ఊరికి మళ్లీ బస్సు వేయవచ్చో లేదో చూడటానికి రేపు ఆఫీసర్లు ఒక బస్సు తోలుకుని వస్తున్నారు.

కోడుమూరు దగ్గర, వాననీళ్లు పారే వంక దాటాక ఉండే చిన్న ఊరు మాది. నా చిన్నప్పుడు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అది పీర్లచావిడి ముందు ఆగేసరికి ఇళ్లల్లోంచి బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన, అరుగుల మీద చెనిక్కాయల మూటలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, వెనక నిచ్చెన పట్టుకుని వంకదాకా వేలాడే మా పిల్లకాయల గోల, కండక్టరు తిట్లు, అదంతా ఒక సంబరం. కానీ అక్కకు ఆ బస్సంటే ప్రాణం. కోడుమూరులో ఇంటర్ చదివేది. "బస్సు ఉన్నన్నాళ్లే సదువు. అది నిలిచిపోతే నువ్వూ నిలిచిపోవల్ల" అని నాయన ముందే తేల్చేశాడు.

జనం ఎక్కడం లేదని బస్సు తీసేస్తారన్నారు. ఆఫీసరొచ్చి చూసి పోతాడని తెలిసిన రోజునుంచి అక్కకు ముద్ద దిగలేదు. నాయన తల్లి, మా జేజి, ఊరుకునే మనిషా! ఇల్లిల్లూ తిరిగింది. "మనూరి బస్సును మనమే నింపల్ల. పని లేకున్నా ఎక్కండప్పా, కోడుమూరు చూసొద్దాం!"

ఆ పొద్దున ఊరంతా పెట్టెల్లోని బట్టలు తీసి కట్టింది. దర్జీ ఖాసీం మామ మిషను మూసేసి వచ్చాడు, ఆడవాళ్లు తీపి బక్షాలు మూటగట్టుకున్నారు, లోపల పట్టని మగవాళ్లు టాపెక్కారు. ముందు సీట్లో ఆఫీసరు. జేజి మొహం వెలిగిపోతోంది. ముందురోజు వాన కురిసిన సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. రోజూ నలుగురైదుగురితో తేలిగ్గా దాటే బస్సు, ఆ బరువుతో వంకలో దిగబడింది. అందరూ దిగి తోసేకొద్దీ చక్రాలు ఇంకా కూరుకుపోయాయి. అక్క పుస్తకాలు గుండెకు అదుముకుని బురదలో నిలబడిపోయింది.

"జనానికి కొదవ లేదమ్మా, ఈ దారే బస్సుకు పనికిరాదు" అన్నాడు ఆఫీసరు జేజితో, బూట్ల బురద దులుపుకుంటూ.

మా ఊరికి బస్సు రావడం ఆగిపోయింది. ఆ తర్వాతి వేసవిలోనే అక్కను ఊళ్లోనే ఇచ్చి పెళ్లి చేశారు.

ఇప్పుడు జేజి లేదు, వెనక నిచ్చెనలున్న బస్సులూ లేవు, పీర్లచావిడి అరుగు మీద మూటలూ లేవు. వంక మీద కల్వర్టు పడింది గానీ, దానికి అటూ ఇటూ అదే నల్లరేగడి. అక్క కూతురు ఆటో డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ కాలేజీకి పోయొస్తుంటే, ఆ పిల్ల ఇల్లు చేరేదాకా మాకు ఊపిరాడదు. రేపు అందరూ బస్సెక్కాలని సర్పంచు చాటింపు వేయించాడు. సాయంత్రం అక్క, అచ్చం జేజిలాగే, ఇల్లిల్లూ తిరిగింది.

"రేపు మీరెవరూ ఎక్కొద్దండప్పా. సదువుకునే పిల్లోళ్లనే ఎక్కనీండి, మీకు దండం పెడతా."

"జనమే లేరని మళ్లీ తీసేస్తే ఎట్లక్కా?" అన్నాను.

అక్క మబ్బు వైపు చూస్తూ, "ఈ రాత్రికి మళ్లీ వాన పడతాదంటావా?" అని అడిగింది.